పారమ్మ బయానా

జోగారావు మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆయన చెప్పులేసుకునేవారు. అది ఆయన అలవాటు. అడిగినవాళ్ళు వెనకాల నడవాలి. ఆ నడక ఒక్కోసారి కూరగాయల బజారు దాకా సాగేది, ఒక్కోసారి కోర్టు ఆవరణ దాకా. దారిలో ప్రశ్న గురించి ఆయన మాట్లాడేవారు కారు. ఇంటికి తిరిగొచ్చేసరికి అడిగినవాళ్ళు అడిగిన ప్రశ్నను ఇంకో రకంగా చూస్తూ ఉండేవారు. ఎవరి కిందా ఉద్యోగం చెయ్యకుండా, విజయనగరం వదలకుండా, జీవితమంతా రాతమీదే ఇల్లు గడుపుకొచ్చిన మనిషి ఆయన. రేడియో నాటికలు, సన్మాన పత్రాలు, పేరు పడని సినిమా సంభాషణలు, ఎన్నికల కరపత్రాలు, అన్నీ రాశారు. అందుకే ఆదివారం ఉదయం ఆయన వరండాలో చేరే కొద్దిమందీ కవిత్వం కంటే బతుకుతెరువు గురించే ఎక్కువ అడిగేవారు.

వాళ్ళలో సంహిత ఒకతె. ఏడాది క్రితం దాకా ఆమె ఒక పత్రికలో పనిచేసింది. అక్కడ రోజూ ఒకే రకం వార్తను ఒకే రకం మాటల్లో రాయలేక మానేసి, సొంతంగా రాతపనులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. బట్టల కొట్టుకి ప్రకటన రాసేది, రిటైరైన ఇంజనీరు జ్ఞాపకాలు చక్కదిద్దేది, యూట్యూబు లఘుచిత్రాలకు సంభాషణలు రాసేది. చేతినిండా పని ఉండేది కాని ఇంట్లో సరుకులకు మాత్రం తల్లి పింఛను మీదే చూపు నిలిచేది. "రోజంతా రాస్తూనే ఉంటావు. ఇంతకీ ఎవరైనా ఇస్తున్నారా, నువ్వే ఇస్తున్నావా?" అని తల్లి ఒక రోజు అడిగింది. ఆ వారమే మాస్టారి దగ్గర నోరు విప్పింది.

"మాస్టారూ, డబ్బు తీసుకోకుండా రాయవలసిన సందర్భం ఏదో ఎలా తెలుసుకోవాలండీ? ఒకళ్ళు పేరొస్తుందంటారు. ఒకళ్ళు పరిచయాలు పెరుగుతాయంటారు. కొందరిని చూస్తే అడగడానికి మనకే మనసొప్పదు. అందరికీ కాదంటే గర్విష్ఠి అంటారు. అందరికీ సరేనంటే ఇల్లు గడవదు."

"ఇప్పుడెవరికి సరేనన్నావు?" అన్నారు మాస్టారు.

సత్యానందంగారికి, అని చెప్పింది. ఆ ఊళ్ళో సత్యానందంగారిని ఎరగనివాళ్ళు లేరు. కాలేజీలు, కల్యాణ మండపం ఉన్నవారు, నాటకాలంటే చెవి కోసుకునేవారు. ఆయన విద్యాసంస్థల రజతోత్సవానికి ఊరి చరిత్ర మీద గంటసేపు సాగే నృత్యరూపకం కావాలి. మంత్రులొస్తారు, సినిమావాళ్ళొస్తారు, రచయిత పేరు తెరమీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. ఆ మధ్యాహ్నమే ఆయన ఇంట్లో సమావేశం. డబ్బు సంగతి ఆయన ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. పేజీలకు పేజీలు మాత్రం అప్పటికే రాసేసింది.

మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు.

ఆయన ఆటోని కంటోన్మెంటు దాటించి, ఊరి చివర ఇళ్ళ మధ్య ఆపించారు. దిగుతూనే సంహితకు ఎక్కడికొచ్చామో తెలిసిపోయింది. అది పారమ్మ ఇల్లు.

పారమ్మది జముకులకథ. ఒకవైపు తోలు బిగించిన జముకు అనే చిన్న డోలులో తీగ కట్టి మీటుతుంటే, ఆ మోతకు కాలు కదుపుతూ, పాడుతూ, మధ్యలో జనాన్ని నవ్విస్తూ, ఏడిపిస్తూ కథ నడిపే ఆట అది. ఆ జిల్లాలో పారమ్మ అడుగు పెడితే పందిరి నిండేది. ముక్కుకు రెండు వైపులా బేసరులు, భుజం మీదుగా బొడ్లో బిగించిన చీర కొంగు, ఎవరినైనా నిలబెట్టి మాట్లాడే గొంతు. వేసవిలో మాస్టారే ఆమెను సంహిత దగ్గరికి పంపారు. వాళ్ళ తీరం మీద విరుచుకుపడ్డ తుఫాను మీద ఆమెకు కొత్త కథ కావాలి. పాత కథలు జనానికి కంఠస్థం అయిపోయాయి, తమ కళ్ళతో చూసినదాన్ని తమ ముందే పాడితే కూచుంటారు అని ఆమె ఆలోచన. ఎంత తీసుకుంటావని పారమ్మ అడిగినప్పుడు సంహిత ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీ దగ్గర డబ్బు తీసుకుంటానా పారమ్మగారూ! మీ కళకి నేను చేసే చిన్న సేవ అనుకోండి" అంది. ఆ మాట అన్నాక చాలా రోజులు తనమీద తనకే గౌరవం కలిగింది. కథ మాత్రం ముందుకు సాగలేదు. డబ్బిచ్చేవాళ్ళ పనులు తరుముకొచ్చేవి, ఆ తరవాత సత్యానందంగారి రూపకం వచ్చింది. తుఫాను కథ ప్రతివారం వచ్చే వారానికి జరుగుతూ పోయింది.

వాకిట్లో చాప మీద పారమ్మ, వంతపాడే ఆమె చెల్లెలు, జముకు వాయించే మరిది సాధన చేసుకుంటున్నారు. వీళ్ళను చూడగానే ఆపేశారు. పారమ్మ కుర్చీలు తెప్పించింది. సంహితకు తన చేత్తోనే టీ ఇచ్చింది. ఒంట్లో ఎలా ఉందో, అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడిగింది. కథ మాట ఒక్కటీ ఎత్తలేదు. ఆ మర్యాద భరించలేక సంహితే అంది:

"మీ కథ ఆలస్యం చేశాను. ఈ నెలలో పూర్తిచేస్తాను."

"దానికేటి తల్లీ, నీకు కుదిరినప్పుడే సెయ్యి" అంది పారమ్మ. "ఈ ఏడు అమ్మోరి సంబరాలకి పాత కథే పాడతామని సెప్పీసినాం. రెండూళ్ళవాళ్ళు పాతదైతే వద్దని డేన్సు పార్టీకి ఇచ్చుకున్నారు. మరేటి సేత్తాం."

మరిది తలవంచుకుని జముకు తీగ సవరించుకుంటున్నాడు. రెండూళ్ళ సంబరాలు పోవడమంటే ఆ మూడు కుటుంబాలకీ ఏమిటో సంహితకు తెలుసు.

"అయ్యో, ఒక్క మాట చెప్పకపోయారా పారమ్మగారూ. ఒక్కసారి గట్టిగా అడిగితే అన్నీ పక్కనపెట్టి రాసేదాన్ని కదా."

పారమ్మ కోపగించుకోలేదు. తన గొంతుకు అలవాటు లేనంత నెమ్మదిగా చెప్పింది. "ఎలాగ అడుగుదును? ముందర బయానా ఇచ్చుంటే మీ గుమ్మంలో వచ్చి కూకునుందును. ఏదీ నా కథ, ఏ దాకా వచ్చింది, ఇలా బాగులేదు మార్చు అని దెబ్బలాడుందును. నువ్వు డబ్బొద్దన్నావు. ఆ పూటే నా నోటికి తాళం పడిపోయింది."

సంహిత చేతిలో టీ చల్లారిపోయింది. తాను దానం చేశాననుకుంది. ఆ దానంతో అడిగే హక్కును కూడా ఎదుటిమనిషి దగ్గర్నుంచి తీసేసుకున్నానని ఆమెకు ఇప్పటిదాకా తట్టలేదు. మాస్టారి వైపు చూసింది. ఆయన ఈ మాటలేవీ విననట్టు, జముకు తోలు ఎవరు బిగించారని మరిదిని అడుగుతున్నారు. కాసేపయ్యాక లేచి, "పారమ్మా, సత్యానందంగారు మీ కథ కూడా పెట్టిస్తానని కబురు చేశారన్నావుగా? మేమూ అటే. పద, కలిసి వెళ్దాం" అన్నారు.

సత్యానందంగారు ముగ్గురినీ గుమ్మం దాకా ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళారు. ఆయన మంచి మనిషి, ఆ మాట ఇక్కడ చెప్పుకోవాలి. కళాకారులంటే నిజంగానే ప్రేమ. జోగారావు మాస్టారిని పట్టెమంచం మీద తన పక్కన కూచోబెట్టుకున్నారు, కాఫీలు తెప్పించారు, రజతోత్సవం గురించి చిన్నపిల్లాడిలా సంబరపడుతూ చెప్పారు. విశాఖ నుంచి లైట్లు వస్తున్నాయి. పైన ఎగిరే కెమెరాలు వస్తున్నాయి. వంటవాళ్ళను రాజమండ్రి నుంచి పిలిపిస్తున్నారు. చెన్నై నుంచి నాట్యాచార్యుణ్ణి రప్పిస్తున్నారు, ఆయన అడిగినంతా ఇచ్చి, ఆయన కోరిన హోటల్లోనే గది తీసుకుని. చెబుతూ చెబుతూ పారమ్మ వైపు తిరిగి చెయ్యి ఊపారు.

"పారమ్మా, మన మట్టి కళ లేకుండా మన ఊరి పండగేమిటి. రూపకానికి ముందు ఒక అరగంట నీది. డబ్బు మాట పక్కనపెట్టు. ఇది మన ఊరి కోసం, అంతే కదా. టీవీల్లో వస్తుంది, నీ పేరు రాష్ట్రమంతా మోగిపోతుంది."

సంహిత తలెత్తి చూసింది. పారమ్మ ఏమంటుందో అని కాదు, పేరొస్తుందని తనతోనూ సరిగ్గా ఇలాంటి మాటలే అనడం వల్ల. పక్కవాళ్ళతో అంటుంటే అవి మరోలా వినిపించాయి.

పారమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నా పేరు మోగుతూనే ఉంది బాబూ, దానికి లోటు లేదు. నాది ఇదీ రేటు" అని ఒక అంకె చెప్పింది. "అరగంటైనా అంతే, రాత్రంతా అయినా అంతే. బండి మీది. అందులో సగం ముందర ఇచ్చీయాలి. ఊరి కోసమంటే ఊరు పిలవాలి, బాబు పిలిస్తే బాబే ఇవ్వాలి."

ఆమె గొంతులో విసురు లేదు, బతిమాలుకోవడం లేదు, సంజాయిషీ లేదు. కూరలమ్మే మనిషి వంకాయల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది. సత్యానందంగారు ఆమెను చూసి గట్టిగా నవ్వారు. "నీతో బేరం ఆడగలనా" అని మేనేజరును పిలిచి, సగం ముందే ఇప్పించెయ్యమని పురమాయించారు. ఆకాశమేమీ విరిగిపడలేదు. ఎవరి మర్యాదా పోలేదు. పైగా ఆ తరవాత ఆయన పారమ్మతో మాట్లాడే పద్ధతి కొంచెం మారింది. వేదిక ఎంత ఎత్తుండాలి, మైకులు ఎన్ని కావాలి అని ఆమెనే అడగడం మొదలుపెట్టారు.

అప్పుడు సంహిత వంతు వచ్చింది. "మన సంహితమ్మ రూపకం సగం రాసేసిందట. చూశారా మాస్టారూ, ఈ కాలం పిల్లల్లో ఇలాంటి నిస్వార్థం ఎక్కడుంది."

సంహిత మాస్టారి వైపు చూసింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇక చూడ్డానికి ఎవరూ లేరని ఆమెకు అర్థమైంది.

"అండీ, ముందే మాట్లాడవలసింది, మాట్లాడలేదు. తప్పు నాదే" అంది. "ఇంత రూపకానికి నేను తీసుకునేది ఇంత." అంకె కూడా చెప్పేసింది.

సత్యానందంగారి మొహంలో నవ్వు అలాగే ఉంది కాని కళ్ళు చిన్నబోయాయి. "పారమ్మంటే దానిమీదే బతికే మనిషి. నువ్వు చదువుకున్న అమ్మాయివి. నీకు ఇది ఒక అవకాశం అనుకున్నాను గాని..."

"నేనూ దానిమీదే బతుకుతున్నానండీ" అంది సంహిత.

ఆయన వారం లోపల చెబుతామన్నారు. ఏమీ చెప్పలేదు. ఆయన కాలేజీలో తెలుగు చదివే విద్యార్థి ఎవరో రూపకం రాశాడని, అది బాగానే పండిందని, ఆ అబ్బాయి పేరు తెరమీద పెద్ద అక్షరాల్లో పడిందని తరవాత తెలిసింది. సంహిత రాసిన పేజీలు వృథా పోయాయి. ఆ వేదిక కింద కూచున్న పెద్దలెవరికీ ఆమె పేరు తెలియలేదు. ఆ సంగతి విన్న పూట ఆమెకు అన్నం సరిగ్గా సయించలేదన్నది నిజం. ఇలాంటివి జరగవని చెప్పే కథ కాదిది.

కాని ఆ మధ్యాహ్నం మేడ మెట్లు దిగుతుండగానే ఇంకో సంగతి జరిగింది. సంహిత ఆగి, "పారమ్మగారూ, తుఫాను కథకి నాకెంతిస్తారు?" అని అడిగింది. పారమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. బొడ్లోంచి సంచి తీసి, అప్పుడే అందుకున్న సొమ్ములోంచి కొంత లెక్కపెట్టకుండా తీసి ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "ఇది బయానా. మిగతాది కథ నా నోట పలికినాక. ఇంక సూసుకో, నాను నిన్ను పడుకోనివ్వను" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో వెలుగు చూసి సంహితకు సిగ్గూ, సంతోషమూ కలిసి కలిగాయి.

పారమ్మ అన్నంత పనీ చేసింది. పొద్దున్నే ఫోను చేసేది. రెండు రోజులకోసారి వచ్చి గుమ్మంలో కూచునేది. సంహితను తీరం వెంట ఊళ్ళకు తిప్పి, పడవ పోయినవాళ్ళతో, కప్పు ఎగిరిపోయిన ఇంట్లో పురుడు పోసిన మంత్రసానితో మాట్లాడించింది. రాసింది చదివి వినిపిస్తే, "ఇది కంటికి బాగుంది, నోటికి తిరగడం లేదు" అని తోసేసేది. "గాలిని మూడు మాటల్లో సెప్పినావు. గాలి అలా వస్తాదా? ఒకే మాట పట్టుకుని పదిసార్లు రావాల" అనేది. సంహిత ఒకటి రెండు సార్లు తిరగబడింది. ఒక చోట పారమ్మ ఒప్పుకుంది, ఇంకో చోట సంహిత ఒప్పుకుంది. ఇద్దరూ దెబ్బలాడుకోవడం చూసి సంహిత తల్లి లోపల్నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చేది. కథ తయారయ్యాక ఒక రేవు ఊళ్ళో సంబరానికి మొదటిసారి పాడారు. మంత్రసాని చీకట్లో తడుముకుంటూ బిడ్డ బొడ్డు కోసే ఘట్టం దగ్గర జముకు ఒక్కసారిగా ఆగింది. జనంలో ఎవరూ దగ్గలేదు. డేన్సు పార్టీకి ఇచ్చుకున్న ఊళ్ళవాళ్ళు మరుసటి ఏటికి ఆ సాయంత్రమే మాట్లాడుకుని వెళ్ళారు. మిగతా సొమ్ము పారమ్మ అక్కడే, అందరూ చూస్తుండగా, పూలతో కలిపి సంహిత చేతిలో పెట్టింది. సంహిత రెండు చేతులతో తీసుకుంది.

ఆ రాకపోకల్లోనే ఆమెకు అప్పయ్యమ్మ దగ్గరైంది. అప్పయ్యమ్మ పారమ్మ తల్లి. ఎప్పుడూ అరుగు మీద గోడకానుకుని కూచుని ఉండేది. చూపు ఆనదు. మనుషుల పేర్లు మరిచిపోతుంది, అన్నం తిన్న సంగతి మరిచిపోతుంది. కాని ఒక్కోసారి ఎవరూ అడక్కుండానే ఒక పాత కథ ఎత్తుకునేది. పుట్టింట్లో అన్నకు జబ్బు చేసిందని విని, అత్తవారింటి తలుపు గడియ తీసుకుని వానలో నడిచి బయల్దేరిన చిట్టెమ్మ కథ. పారమ్మకు అందులో సంబరానికి పనికొచ్చే నాలుగైదు ఘట్టాలే వచ్చు. మొత్తం కథ ముసలామె దగ్గరే ఉంది, అది కూడా రోజుకింత కరిగిపోతోంది. నిన్న ఏరు దాటించిన చిట్టెమ్మను ఇవాళ ఒడ్డునే వదిలేసి, "తరవాతేటో, మరి రావడం లేదు" అని అప్పయ్యమ్మ బిక్కమొహం వేసేది.

సంహిత ఒక రోజు ఆమె పక్కన కూచుని విన్నంతా రాసుకుంది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ముసలామె చెయ్యి పట్టుకుని, పాట ఆగిపోయిన చోట నిన్నటి చరణం తానే అందిస్తే, అప్పయ్యమ్మ గొంతు దాన్ని పట్టుకుని ఇంకో పది చరణాలు ముందుకు నడిచేది. ఆ సంతోషం ముందు సంహితకు వేళ తెలిసేది కాదు. ఒప్పుకున్న పనులు పొద్దున్నే ముగించుకుని, ఎండ చల్లబడగానే అక్కడికి చేరేది. వానాకాలం అంతా అలాగే గడిచింది. చిట్టెమ్మ పుట్టింటి వాకిట్లో అడుగుపెట్టిన రోజు అప్పయ్యమ్మ చాలాసేపు ఏడ్చి, తరవాత సంహిత బుగ్గలు తడిమి, "నువ్వెవరివే అమ్మా?" అని అడిగింది.

ఆ సాయంత్రం పారమ్మ సంచి తీసింది. సంహిత తల అడ్డంగా ఊపింది.

"మళ్ళీ మొదలెట్టినావా?" అంది పారమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"లేదు. ఇది మీరు చెప్పిన పని కాదు. నాకు కావలసి రాసుకున్నాను" అంది సంహిత. పారమ్మ ఆమె మొహంలోకి చూసి, ఇంకో మాట లేకుండా సంచి మూసేసింది. ఈసారి తాళం ఎవరి నోటికీ పడలేదు. మర్నాడే ఫోను చేసి, ఏరు దాటే చరణంలో ఒక మాట తప్పు పడిందని సంహితను దులిపేసింది.

తరవాతి ఆదివారం మాస్టారి వరండాలో సంహిత ఆ కథంతా చదివి వినిపించింది. మాస్టారు కళ్ళు మూసుకుని విన్నారు. మిగతా శిష్యులు వెళ్ళిపోయాక, ఆమె కూడా లేవబోతుంటే అడిగారు:

"ఈ పనికి డబ్బు తీసుకోవాలా, మానాలా అని నన్ను అడగలేదేం?"

సంహిత ఆలోచించింది. వానాకాలం అంతా ఒక్క రోజైనా ఆ ప్రశ్న మనసులోకి వచ్చిందేమోనని వెతుక్కుంది.

"ఆ ప్రశ్నే తోచలేదండీ" అంది.

"తోచినప్పుడల్లా డబ్బు తీసుకో" అన్నారు మాస్టారు.